నడుముకు తోలు తిత్తి: మందం తోలు పక్కన పెట్టి, తిరగేసి కుట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీరు మ్యూనిక్ దగ్గర ఉంటున్నారు. 2023లో ల్యాండ్స్‌హుట్ పెళ్లి ఉత్సవం (పదిహేనో శతాబ్దంలో ఆ ఊళ్లో జరిగిన రాచపెళ్లిని మళ్లీ వేషాలు కట్టి చూపేది) చూసినప్పటి నుంచి ఆ కాలపు వేషం వేసుకోవాలని ఆశ. ఈ వేసవిలో మీ ఊళ్లో జరిగే మధ్యయుగ సంతకు మీ దంపతులిద్దరూ అలాగే వెళ్లాలనుకుంటున్నారు. బట్టలు కుట్టించేశారు. బెల్టుకు తగిలించే తోలు సంచీ మాత్రం మీ చేత్తోనే చేయాలని 3 మిల్లీమీటర్ల తోలు, ప్రెస్ బటన్లు, రివెట్లు కొన్నారు. నాలుగు రోజులుగా కూర్చున్నా తోలు మడత పడటం లేదు, మూలలు పైకి లేస్తున్నాయి, కుట్టు పళ్లు ఊడిన దువ్వెనలా వస్తోంది. "ఎక్కడ తప్పు చేస్తున్నాను? అసలు ఇది నాకు చేతయ్యే పనేనా?" అని అడిగారు. మీ ఆవిడకూ ఇలాంటిదే ఒకటి కావాలన్నారు.

చేతవుతుందండీ. తప్పు మీ చేతిలో లేదు, తోలు మందంలో ఉంది. ఆ 3 మి.మీ. తోలు బెల్టుకు దాచుకోండి. సంచీకి 1.2 నుంచి 1.5 మి.మీ. మందం ఉన్న దూడ తోలో మేక తోలో తెచ్చుకోండి, అదీ చెట్ల బెరడుతో పదును చేసినది, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చినది. లోపలి వైపు బయటికి పెట్టి కుట్టి, ఆ తర్వాత దిండు గలీబులా తిరగేయండి. మైనం పట్టించిన అవిసె నార (లినెన్) దారం, రెండు మొండి సూదులు, చిల్లులు పొడవడానికి ఒక ఆరె చాలు. ప్రెస్ బటన్లు, రివెట్లు బిల్లు ఉంటే వాపసు ఇచ్చేయండి. అలవాటున్న వాళ్లకు ఇది రెండు సాయంత్రాల పని. మీకు మొదటిసారి కాబట్టి నాలుగు అనుకోండి.

నేనెవరినో చెప్పకుండా సలహా ఇస్తే బాగుండదు. మా తాత ఊళ్లో కిర్రు చెప్పులు కుట్టేవారు. ఆయన ఆరె ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, పిడి అరిగి నా బొటనవేలికి కాదు, ఆయన బొటనవేలికే సరిపోయేటట్టు ఉంటుంది. నేను చెన్నైలో ఒక బ్యాగుల యూనిట్లో పదకొండేళ్లు పనిచేశాను. తర్వాత ఇంగ్లండ్‌లో ఆరేళ్లు ఉన్నాను. అక్కడ పదిహేనో శతాబ్దపు వేషాలు కట్టే ఒక బృందానికి శని, ఆదివారాల్లో సంచులు, బూట్లు కుట్టిపెట్టేవాణ్ణి. ఇప్పుడు హైదరాబాద్‌లో నాటకాల వాళ్లకు సామాను చేస్తుంటాను. ఇలాంటి తిత్తులు ఓ డెబ్బై ఎనభై కుట్టి ఉంటాను. మొదటి పదీ చెత్తబుట్టలోకే వెళ్లాయి.

ఎందుకు పల్చటి తోలు?

మధ్యయుగం అనగానే మన కళ్ల ముందు కనిపించేది సినిమాల్లో, వీడియో గేముల్లో చూసిన సంచీ: కవచం లాంటి మందపు తోలు, చుట్టూ లావుపాటి తోలు దారంతో వేసిన కుట్టు, మధ్యలో పెద్ద ఇత్తడి బిళ్ల. దాన్ని చూసే మీరు 3 మి.మీ. కొన్నారు. నేనూ మొదట అదే కొన్నాను. నిజంగా నేలలో దొరికిన సంచులు అలా లేవు. చేతికి మెత్తగా, పల్చగా, చిన్నగా ఉంటాయి. దూడ, మేక, గొర్రె తోళ్లు. చాలావాటికి కుట్టు లోపలికి దాగి ఉంటుంది.

ఇవి ఎలా మిగిలాయో తెలిస్తే పని కూడా అర్థమవుతుంది. లండన్‌లో పన్నెండో శతాబ్దం నుంచీ థేమ్స్ ఒడ్డున చెక్కలతో గోడలు కట్టి, వెనకాల ఊరి చెత్తంతా పోసి, నేలను నదిలోకి జరుపుకుంటూ పోయారు. ఆ తడి బురదలో గాలి ఆడదు కాబట్టి తోలు కుళ్లలేదు. తవ్వకాల్లో చెప్పులు, ఒరలు, సంచులు బయటపడ్డాయి. తమాషా ఏమిటంటే తోలు మిగిలింది గానీ అవిసె నార దారం మిగల్లేదు. వందల ఏళ్ల తడిలో అది కరిగిపోయింది. అంటే మనకు దొరికేది కుట్టు కాదు, కుట్టు చిల్లులు. ఆ చిల్లుల వరస, వాటి మధ్య దూరం, దారం లాగిన చోట తోలు నొక్కుకుపోయిన గుర్తు చూసి ఇది ఏ కుట్టో చెప్పాలి. ఒక మ్యూజియంలో గాజు వెనక అలాంటి ముక్కను మొదటిసారి చూసినప్పుడు నేను అరగంట అక్కడే నిలబడ్డాను. చిల్లులు అంత దగ్గర దగ్గరగా, అంత సన్నగా ఉన్నాయి. అప్పటిదాకా నేను 6 మి.మీ. దూరంతో కుడుతూ "పాతకాలపు మొరటు పని" అని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. మొరటుతనం నాది, వాళ్లది కాదు.

అసలు ఇది ఎందుకు పుట్టిందంటే వాళ్ల బట్టలకు జేబులు లేవు. బట్టలోనే జేబు కుట్టుకునే అలవాటు ఆ తర్వాతి కాలంలో వచ్చింది. అందుకని డబ్బులు, తాళంచెవి, చిన్న చాకు లాంటివి నడుముకే వేలాడేవి. మన అవ్వలు రొండిన దోపుకునే వక్కాకు తిత్తి లాంటిదే, కాకపోతే అది బయటికి కనిపిస్తుంది. బయటికి కనిపిస్తుంది కాబట్టి దొంగకూ కనిపిస్తుంది. జర్మన్‌లో జేబుదొంగకు పాత పేరు బాయ్టెల్‌ష్నైడర్ అని మీ పక్కింటాయన్ని అడిగినా చెప్తాడు. తిత్తి కోసేవాడు అని అర్థం.

తోలు కొనేటప్పుడు

ఇవాళ బజారులో దొరికే మెత్తటి తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో పదును చేసింది. ఆ పద్ధతి పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చింది. మధ్యయుగ యూరప్‌లో ప్రధానంగా ఓక్ చెట్టు బెరడు నీళ్లలో తోలును నెలల తరబడి నానబెట్టేవారు. పటికతో, కొవ్వుతో చేసే పద్ధతులు వేరే ఉన్నాయి గానీ మీ సంచీకి బెరడు తోలే సరి. కారణం చరిత్ర ఒక్కటే కాదు. బెరడు తోలు తడిపితే చెప్పిన మాట వింటుంది, ఆరాక ఆ ఆకారంలోనే నిలుస్తుంది. క్రోమ్ తోలు రబ్బరులా మళ్లీ మొదటికి వస్తుంది.

తేడా పట్టడం తేలిక. కోసిన అంచు చూడండి. మధ్యలో నీలం, బూడిద రంగు కనిపిస్తే క్రోమ్. బెరడు తోలు లోపలిదాకా గోధుమ రంగులోనే ఉంటుంది. రంగు పూయని బెరడు తోలు మీద నీటి చుక్క వేస్తే పీల్చుకుని నల్లబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే గోరంత ముక్క కాల్చి చూడండి, క్రోమ్ తోలు బూడిద ఆకుపచ్చగా తేలుతుంది. కిటికీ తీసి కాల్చండి, ఆ వాసన ఇల్లంతా పట్టుకుంటుంది.

జర్మనీలో అడగాల్సిన మాట "ప్ఫ్లాంట్స్‌లిష్ గెగెర్బ్ట్", అంటే చెట్ల సరుకుతో పదును చేసినది. "బ్లాంక్‌లెడర్" అని అడిగితే బెరడు తోలే ఇస్తారు గానీ చాలావరకు అది బెల్టులకు వాడే గట్టి మందం తోలు, బహుశా మీరు కొన్నది అదే. మందం పక్కాగా చెప్పి అడగండి.

ఇండియా వచ్చినప్పుడు కొందామనుకుంటే చెన్నై పెరియమేడులో "ఈ.ఐ." తోలు అని అడగండి. ఈస్ట్ ఇండియా తోలు అన్నమాట. తమిళనాడులో తయారయ్యే ఈ బెరడు తోలుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దానికి పాతకాలం నుంచీ వాడింది తంగేడు చెక్క, ముగింపుకు కరక్కాయ. బతుకమ్మలో పేర్చే అదే తంగేడు. మా ఊళ్లో తోలు పదును చేసే లంద తొట్టిలో వేసేదీ ఆ చెక్కే. నాకు ఊహ తెలిసేనాటికి మా తాత లంద మూతపడింది, తొట్టి మాత్రం పెరట్లో ఉండేది. అందులో చెయ్యి పెడితే గోళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయని మా నాన్న చెప్పేవాడు. మీరు ఓక్ తోలు వాడినా తంగేడు తోలు వాడినా లోపల జరిగే పని ఒకటే, బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం తోలు నారను పట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక. కిందటిసారి ఒకాయన ఇదే ప్రశ్న అడిగి, నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ల దగ్గర మేక తోలు తెచ్చాడు. అది పదును చేసిన తోలు కాదు. వెలుతురు దాటేలా గీకి ఆరబెట్టిన చర్మం. బొమ్మకు అదే ప్రాణం, సంచీకి పనికిరాదు. తడిస్తే మెత్తబడుతుంది, ఆరితే అప్పడం అవుతుంది.

కొలతలు

ఆ కాలంలో సంచులు చాలా రకాలు. తాడు లాగితే మూతి ముడుచుకునేవి, ఇనుప చట్రం ఉన్నవి, మూత్రపిండం ఆకారంలో కింద రెండు గుండ్రాలతో ఉండి మధ్యలో బాకు దోపుకునేవి. ల్యాండ్స్‌హుట్ వాళ్లు గుర్తు చేసుకునే పెళ్లి 1475 నాటిది. ఆ కాలానికి ఇమిడేలా, మొదటిసారి చేసేవాళ్లకు లొంగేలా నేను చెప్పేది కింద గుండ్రంగా, పైన మూత ఉన్న, రెండు బెల్టు పట్టీల సంచీ. మ్యూజియం ముక్కకు నకలు కాదు, ఆ పద్ధతిలో చేసింది.

ముందు అట్టముక్క మీద గీయండి. ముందు ముక్క పైన 14 సెం.మీ., కింది వైపు విశాలంగా 16, ఎత్తు 14, అడుగు గుండ్రం. వెనక ముక్క కూడా అదే ఆకారం, కానీ దాని పైన ఇంకో 13 సెం.మీ. పెంచి మూతను అందులోనే గీయండి. మూత, వెనక ఒకే ముక్క అయితే ఒక కుట్టు తగ్గుతుంది, ఎక్కువ లాగుడు పడే చోట అతుకూ ఉండదు. బెల్టు పట్టీలు రెండు, ఒక్కోటి 2.5 సెం.మీ. వెడల్పు. పొడవు మీ బెల్టు వెడల్పుకు రెండింతలు, పైన 4 సెం.మీ. ఇవి కాక 1 సెం.మీ. వెడల్పు, 42 సెం.మీ. పొడవు ఉన్న సన్నటి పట్టీ ఒకటి కావాలి. దాని సంగతి కుట్టు దగ్గర చెప్తాను.

ఫోన్ గురించి మీరు అడగలేదు గానీ అడుగుతారు. ఈ కొలతలో ఇవాల్టి పెద్ద ఫోన్ పట్టదు. వెండి నాణేల కోసం పుట్టిన సంచీ ఇది. ఫోన్ కోసం 20 సెం.మీ.కు పెంచిన వాళ్లు ఉన్నారు, అది నడుముకు వేలాడే ల్యాప్‌టాప్ బ్యాగులా ఉంటుంది. చొక్కా లోపల మెడకు గుడ్డ సంచీ కట్టుకుని ఫోన్ అందులో వేసుకోండి. యూరో నాణేలు, ఇంటి తాళంచెవి, ఒక కార్డు ఇందులో హాయిగా పడతాయి.

అట్టను తోలు మీద పెట్టేటప్పుడు వెన్ను భాగం ఎటుందో చూడండి. వెన్ను దగ్గర తోలు బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా సాగుతూ ఉంటుంది. చేత్తో రెండు వైపులా లాగితే తెలిసిపోతుంది. వెనక ముక్క, పట్టీలు బిగువు చోట్లోంచి తీయండి. ముందు ముక్క కొంచెం సాగినా ఫర్వాలేదు, ఇంకా చక్కగా ఉబ్బుతుంది. కోయడానికి మా తాత రంపె (తోలు కోసే వెడల్పాటి కత్తి) వాడేవారు, నేను మామూలు బ్లేడు చాకే వాడతాను. పల్చటి తోలును ఒకే గీతలో కోయాలి, రెండోసారి గీస్తే అంచు మెట్లు పడుతుంది.

కుట్టు

మొట్టమొదట బెల్టు పట్టీలను వెనక ముక్కకు కుట్టేయండి. సంచీ మూసుకున్నాక లోపలికి చెయ్యి పట్టదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ నేను రెండుసార్లు మర్చిపోయాను. రెండు పట్టీల మధ్య 7 సెం.మీ. దూరం ఉంచండి. ఒక్క పట్టీ ఉంటే సంచీ నడిచినప్పుడల్లా గడియారం లోలకంలా ఊగుతుంది.

ఇప్పుడు ముందు ముక్క, వెనక ముక్క నున్నటి వైపులు ఎదురెదురుగా పెట్టండి, అంటే గరుకు వైపు బయటికి. రెండింటి మధ్యలో ఆ సన్నటి పట్టీని అంచులు కలిసేలా దూర్చండి. మూడు పొరలు. కుట్టి తిరగేశాక ఈ పట్టీ జాకెట్టు అంచుకు వేసే పైపింగ్ లాగా సన్నగా బయటికి కనిపిస్తుంది. అందం ఒక్కటే కాదు, దారాన్ని రాపిడి నుంచి కాపాడేది అదే. ఆ కాలపు బూట్లలోనూ, సంచుల్లోనూ ఈ పట్టీ కనిపిస్తుంది. మీ 3 మి.మీ. తోలుతో మూడు పొరలు అంటే 9 మి.మీ. ఎందుకు లొంగలేదో ఇప్పుడు చూడండి.

పొరలు కదలకుండా మైదా జిగురు పూయండి. సినిమా పోస్టర్లు అంటించే జిగురే. రబ్బరు సొల్యూషన్ వద్దు, దాని మరక బెరడు తోలు మీద పోదు. మైదాతో ఒకటే చిక్కు, అటకెక్కిస్తే బొద్దింకలు కొరుకుతాయి. జర్మనీలో మీకు ఆ టెన్షన్ ఉండదనుకుంటాను.

అంచు నుంచి 3 మి.మీ. లోపలికి ఒక గీత గీసి, దాని మీద 3 మి.మీ. దూరంలో చుక్కలు పెట్టండి. టైలర్లు కాగితం మీద గుర్తులు పెట్టే పళ్ల చక్రం ఉంటే దాన్ని ఒకసారి నడిపితే సరిపోతుంది. చుట్టూ దాదాపు 40 సెం.మీ. కుట్టు, అంటే ఓ నూట ముప్పై చిల్లులు. అమ్మో అనుకోకండి, ఇరవై దాటాక చేయి దానంతట అదే పోతుంది.

దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకోండి. 40 సెం.మీ.కు 160. నేను ఇంకో జానెడు ఎక్కువే తీస్తాను. తేనె మైనం ముద్ద మీద దారాన్ని మూడు నాలుగుసార్లు లాగండి, వేళ్ల మధ్య పట్టుకుంటే జిడ్డుగా కాదు, కొంచెం అంటుకున్నట్టు ఉండాలి. మైనం పట్టిన దారం చిల్లులో బిగుసుకుని కూర్చుంటుంది, వదిలినా జారదు.

దారం రెండు కొసలకూ ఒక్కో సూది. మొదటి చిల్లులోంచి లాగి రెండు వైపులా సమానం చేయండి. తర్వాత ఒక్కో చిల్లూ ఆరెతో పొడుస్తూ పోవాలి. అన్నీ ఒకేసారి పొడిచి పెట్టుకుంటే మూసుకుపోతాయి. ముందు కుడిచేతి సూది దూర్చి రెండు అంగుళాలు లాగండి. అదే చిల్లులోకి ఎడమచేతి సూది. ఇక్కడే అందరూ తప్పు చేసేది: రెండో సూది మొదటి దారాన్ని గుచ్చేస్తుంది. అలా గుచ్చితే దారం బిగియదు, లాగితే తెగుతుంది. అందుకని రెండో సూది దూరుస్తున్నప్పుడు మొదటి దారాన్ని కొంచెం వెనక్కి లాగుతూ ఉండండి. కదులుతుంటే గుచ్చలేదన్నమాట. తర్వాత రెండు చేతులూ పక్కలకు చాచి ఒకే బలంతో లాగండి. ప్రతి చిల్లు దగ్గరా అదే వరస, ముందు కుడి, తర్వాత ఎడమ. మధ్యలో టీ తాగి వచ్చి వరస మార్చారంటే కుట్టు అక్కడ ముఖం తిప్పుకుంటుంది. మీ "పళ్లు ఊడిన దువ్వెన"కు సగం కారణం ఇదే అయి ఉంటుంది.

ఈ కుట్టు గొప్పేమిటంటే ఒక దారం అరిగి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. మిషన్ కుట్టు అలా కాదు, ఒక పక్క దారం తెగితే కాసేపటికి వరసంతా వదులవుతుంది. మన ఊళ్లలో కొక్కెం ఉన్న ఆరెతో ఒక చేత్తో దారం అందిస్తూ కుడతారు కదా, అది చెప్పు అట్టకు బ్రహ్మాండం. పల్చటి తోలుకు ఆ కొక్కెం చిల్లు పెద్దదైపోతుంది. మా తాత ఆరెను అందుకే పెట్టెలో ఉంచాను. చూడటానికి తీస్తాను, దీనికి వాడను.

మొదట్లో, చివర్లో రెండేసి చిల్లులు వెనక్కి కుట్టండి. సంచీ మూతి దగ్గర చిరిగేది అక్కడే.

తిరగేయడం

ఇక్కడ భయం వేస్తుంది, వేయాలి కూడా. కుట్టంతా అయ్యాక గుండ్రం దగ్గర మిగులు అంచును కుట్టు నుంచి 2 మి.మీ. మాత్రం ఉంచి సన్నగా కోసేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తోలు రెండు వైపులా తుడవండి. నీళ్లు కారకూడదు. పావుగంట ఆగండి. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి గానీ చెంప తడవకూడదు.

రెండు బొటనవేళ్లు అడుగు మధ్యలో పెట్టి లోపలికి నొక్కండి. మొదట ఏమీ కదలదు. తర్వాత కుట్టు చిన్నగా కిర్రుమంటుంది. చిరిగిపోతోందని మీరు ఆపేస్తారు. ఆపకండి, అది మైనం దారం సర్దుకునే చప్పుడు. అడుగు మూతి దాకా వచ్చాక చెక్క గరిటె కాడతో గుండ్రాలను ఒక్కోటీ లోపలి నుంచి తోయండి. ఇనుప గరిటె వద్దు, ఎందుకో కింద చెప్తాను. ఒక్కసారిగా "భళుక్" మని బయటికి వచ్చేస్తుంది. ఆ క్షణాన ముడుచుకుపోయిన గుడ్డపీలిక లాంటిది సంచీ అవుతుంది. డెబ్బై ఎనభై చేశాక కూడా నాకు ఆ చప్పుడంటే ఇష్టం.

2.2 మి.మీ. ఆవు తోలుతో నేనొకసారి మొండిగా ప్రయత్నించాను. సగం తిరిగి ఆగిపోయింది. ఇటూ రాదు, అటూ పోదు. బలంగా లాగితే చిల్లుల వెంబడి తపాలా బిళ్లలా చీలిపోయింది. మూడు రాత్రుల పని.

తిరిగాక లోపల పాత గుడ్డలు కుక్కి నీడలో ఆరబెట్టండి. న్యూస్‌పేపరు కుక్కితే సిరా అంటుకుంటుంది. హీటర్ మీద పెట్టకండి. ఇంగ్లండ్‌లో మా బృందంలో ఒకతను రేపే ఉత్సవం అని రేడియేటర్ మీద పెట్టాడు. తెల్లారేసరికి సంచీ రెండు వేళ్లు కుంచించుకుపోయి కొబ్బరి చిప్పలా గట్టిపడింది. తడి బెరడు తోలుకు వేడి తగిలితే అంతే, వెనక్కి రాదు.

మూత బిగింపు

ప్రెస్ బటన్‌కు జర్మనీలో పేటెంట్ వచ్చింది 1885లో. 1475కు అది నాలుగు వందల ఏళ్లు ఆలస్యం. మూత కొసకు ఒక చీలిక పెట్టి, ముందు ముక్కకు తోలు చుట్టి చేసిన బొత్తాం బిగించండి. 1.5 సెం.మీ. వెడల్పున్న త్రికోణపు పట్టీని వెడల్పు వైపు నుంచి గట్టిగా చుట్టుకుంటూ రండి, ఆ చుట్ట మధ్యలో చీలిక కోసి సన్నటి తోకను దాంట్లోంచి లాగేయండి. అదే బొత్తాం, తోకే దాని దారం. ఆ కాలపు బూట్లకు ఇలాంటివి వాడారు. బొత్తాన్ని ముందు ముక్కకు ఎప్పుడు బిగించాలో ఊహించగలరు, సంచీ మూయకముందే.

చిన్న ఇత్తడి బకిల్ పెట్టుకున్నా తప్పు కాదు. నాకు బొత్తామే నచ్చుతుంది, ఒక్క చేత్తో తీయొచ్చు.

రంగు, నూనె

రంగు వేయకుండా వదిలేసినా ఎండకు, చేతి జిడ్డుకు ఏడాదిలో తేనె రంగు దానంతటదే వస్తుంది. నల్లది కావాలంటే మాత్రం సీసా రంగు కొనే పని లేదు. తుప్పు పట్టిన మేకులు వెనిగర్‌లో వారం నానబెట్టి వడగట్టండి. ఆ నీళ్లు బెరడు తోలు మీద రాస్తే మీ కళ్ల ముందే నల్లబడుతుంది. ఇనుము, టానిన్ కలిస్తే నలుపు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే నల్లబడేది కూడా ఇందుకే. క్రోమ్ తోలు మీద ఈ కిటుకు పనిచేయదు.

ఇదే కారణంగా తడి తోలుకు ఇనుప వస్తువు తగలకూడదు. నేనొకసారి ఆఫీసు క్లిప్పులతో పొరలు బిగించి తడిపాను. తీసి చూస్తే చుట్టూ వరసగా నల్ల మచ్చలు. వాటిని దాచడానికే మొత్తం నల్లరంగు వేయడం నేర్చుకున్నాను. మీరు చెక్క క్లిప్పులు, ప్లాస్టిక్ క్లిప్పులు వాడండి.

రెండు జాగ్రత్తలు. ఆ సీసా మూత బిగించకండి, లోపల వాయువు పుడుతుంది. నాది ఒక రాత్రి మూత ఎగిరి వంటింటి గోడ మీద చారలు పడ్డాయి, ఇంట్లో మాటలు పడ్డాయి. రెండోది, ఇనుము ఎక్కువైతే కొన్నేళ్లకు తోలు పెళుసెక్కుతుంది. ఒక్క పూతతో ఆపి, కాసేపాగి వంటసోడా కలిపిన పల్చటి నీళ్లతో తుడిచి, ఆపైన మంచినీళ్లతో తుడవండి.

ఆరాక చాలా కొద్దిగా నూనె. కొబ్బరి నూనె రాయొచ్చా అని తెలుగువాళ్లందరూ అడుగుతారు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, బవేరియా చలిలో సంచీ మీద తెల్లగా తేలుతుంది. నాలుగు చుక్కల ఆముదం అరచేతిలో రుద్ది పట్టించండి, లేదా అక్కడే దొరికే తోలు గ్రీజు. ఎక్కువ రాస్తే పల్చటి తోలు గుడ్డలా వాలిపోతుంది.

మీ ఆవిడకు కూడా ఇలాంటిదే కావాలన్నారు కదా. ఆడవాళ్లది బెల్టుకు అతుక్కుని ఉండక్కర్లేదు, పొడవాటి తాడుతో కిందికి వేలాడేలా చేయండి. బెల్టు పట్టీలు మానేసి పై అంచుకు రెండు తోలు ఉంగరాలు పెడితే చాలు. ఇక బొమ్మల్లో చూసినట్టు సంచీ వెనక బాకు దోపుకునే ఆలోచన ఉంటే మానేయండి. జర్మనీలో 2024 చివరి నుంచి బహిరంగ ఉత్సవాల్లోకి కత్తులు తీసుకెళ్లడం నిషేధం. వేషం వేసినవాళ్ల మినహాయింపులు మీలాంటి సందర్శకుడికి వర్తిస్తాయని నమ్ముకుని వెళ్లకండి.

తోలు వచ్చాక ముందు ఒక అరచేయంత ముక్క మీద ఇరవై చిల్లులు కుట్టి చూసుకోండి. అసలు సంచీ కుట్టడం అయ్యాక, తిరగేసే ముందు మాత్రం ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, గరుకు వైపు కుట్టు కనిపించేలా. వదులుగా ఉన్న చోటు అప్పుడైతే చెప్పగలను, తిరిగాక లోపల ఏముందో నాకూ కనిపించదు.